యూకే తెలుగు సంఘాల పెద్దలకి: ఈ మే నెలాఖరున పిల్లల్ని లింకన్ తీసుకురండి

నమస్తే అండీ. యూకేలో ఉన్న తెలుగు సంఘాల ప్రెసిడెంట్లకి, సెక్రటరీలకి, కల్చరల్ కమిటీల వాళ్ళకి, వాట్సాప్ గ్రూపులు నడిపే అన్నలకి అక్కలకి అందరికీ కలిపి రాస్తున్నా. ఫలానా సంఘం అని కాదు, అన్నిటికీ. కాస్త పొడుగు అవుద్ది, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి. లింకన్‌లో ఉంటున్నాం. ఊరికి పడమట వైపు బిర్చ్‌వుడ్ అనే ఏరియా ఉంది, అటు బస్సులో వెళ్తుంటే ఒక ప్రైమరీ స్కూల్ బోర్డు కనపడుద్ది, లెస్లీ మాన్సర్ ప్రైమరీ స్కూల్ అని. ఒకరోజు మా పాప బోర్డు చదివి "లెస్లీ మాన్సర్ అంటే ఎవరు నాన్నా" అని అడిగింది. నాకు తెలీదు. మన ఊళ్ళల్లో బడికి స్థలం ఇచ్చినాయన పేరో డబ్బులు ఇచ్చినాయన పేరో పెడతారు గదా, ఆ లెక్కలోనే "ఎవరో పెద్దాయన అయ్యుంటాడులే అమ్మా" అన్నా. ఇంటికొచ్చాక మనసొప్పక చూశా. పెద్దాయన కాదు, 20 ఏళ్ల కుర్రాడు. పుట్టింది మన ఢిల్లీలో.

ఆ రోజు నించి ఈ అబ్బాయి నన్ను వదల్లేదు. అందుకే ఈ లెటర్.

పోయిన నవంబర్లో ఒక తెలుగు గ్రూపులో ఎవరో అమ్మ అడిగారు, స్కూల్లో యుద్ధాల్లో పోయినవాళ్ళ గుర్తుగా ఎర్ర పాపీ పువ్వు పెట్టుకు రమ్మంటున్నారు, పిల్లాడికి దీని గురించి ఏం చెప్పాలి అని. వెంటనే నాలుగు రిప్లైలు వచ్చినయ్. "అది వాళ్ల ఫంక్షన్ అండీ, పెట్టి పంపించెయ్యండి, మనకేం సంబంధం" అని. ఎవరూ చెడ్డగా అన్లేదు, సర్ది చెప్పడానికే అన్నారు. నేను కూడా అప్పుడు ఏం మాట్లాడలేదు. కానీ మన పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడి బడుల్లో చదువుతున్నారు, ఆ బళ్ళో రెండు నిమిషాలు తలొంచుకుని నిలబడుతున్నారు, ఎవరి కోసం నిలబడ్డావురా అంటే చెప్పలేకపోతే ఎలా? ఆ అమ్మకి నేను అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నా.

లెస్లీ మాన్సర్ 1922 మే 11న న్యూఢిల్లీలో పుట్టాడు. నాన్న తంతి తపాలా శాఖలో ఇంజినీరు. అప్పటికింకా కొత్త ఢిల్లీ కడుతూనే ఉన్నారు. కొన్నాళ్ళు డార్జిలింగ్ దగ్గర కర్సియాంగ్‌లో విక్టోరియా స్కూల్లో చదువుకున్నాడు, తర్వాత ఇంటిల్లిపాదీ ఇంగ్లండ్ వచ్చేసి హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో రాడ్లెట్ అనే ఊళ్ళో ఉన్నారు. ఒక దేశంలో పుట్టి, అక్కడి ఎండలో వానలో ఆడుకుని, ఉన్నట్టుండి ఈ చలిదేశం వచ్చి కొత్త బళ్ళో కూర్చోవడం ఎట్లా ఉంటదో మన పిల్లల్ని చూసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆర్మీకి వెళ్తే తీసుకోలేదు, నేవీకి వెళ్తే తీసుకోలేదు. చివరికి 1940 ఆగస్టులో ఎయిర్ ఫోర్స్ తీసుకుంది. ట్రైనింగ్ అయ్యాక 1941 ఆగస్టు చివర్లో ఇక్కడికి దగ్గర్లోనే స్విండర్బీలో 50 స్క్వాడ్రన్‌లో, అంటే 50వ నంబరు విమాన దళంలో వేశారు, చేరిన రెండ్రోజులకే హ్యాంప్డెన్ అనే బాంబర్ విమానంలో రెండో పైలట్‌గా ఫ్రాంక్‌ఫర్ట్ మీదికి వెళ్ళాడు. అప్పటికి 19. మన ఇళ్ళల్లో 19 ఏళ్ల పిల్లోడు మాంచెస్టర్ నించి లండన్ ఒక్కడే డ్రైవ్ చేసుకు వెళ్తానంటే చేరేదాకా ఫోన్లు చేస్తాం. మధ్యలో కొన్ని నెలలు ట్రైనింగ్ యూనిట్లలో వేరే కుర్రాళ్ళకి నేర్పించాడు, మళ్ళీ 1942 ఏప్రిల్లో తన స్క్వాడ్రన్‌కి తిరిగొచ్చాడు. అప్పటికి వాళ్ళు స్కెల్లింగ్‌థార్ప్ ఎయిర్‌ఫీల్డ్‌లో ఉన్నారు. ఆ ఎయిర్‌ఫీల్డ్ ఉన్న నేల మీదే ఇప్పుడు బిర్చ్‌వుడ్ ఇళ్ళు, ఆ స్కూలు ఉన్నయ్. మా పాప అడిగిన బోర్డు నిలబడ్డ చోటు నించే ఆ అబ్బాయి చివరిసారి బయల్దేరాడన్నమాట.

అప్పుడు వాళ్ళకిచ్చిన విమానం పేరు మాంచెస్టర్. రెండే ఇంజిన్లు, రోల్స్ రాయిస్ వాళ్ళ వల్చర్ అనే ఇంజిన్లు, నమ్మకం లేనివి. వేడెక్కేవి, మధ్యదారిలో పట్టేసేవి. ఒకటి ఆగిందంటే రెండోది అంత బరువుని పైన నిలపలేదు. ఆ ఏడాది జూన్ కల్లా ఈ మాంచెస్టర్లని యుద్ధం నించి తీసేశారు, అదే డిజైన్‌కి నాలుగు మెర్లిన్ ఇంజిన్లు పెడితే అదే లాంకాస్టర్ అయ్యింది. ఎయిర్ షోల్లో మనం పిల్లల్ని భుజాలెక్కించుకుని చూపించేది ఆ లాంకాస్టర్నే. దాని వెనక, దాని కంటే ముందు, ఆ పనికిరాని ఇంజిన్లతో ఎగిరి పోయిన కుర్రాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. ఇంకొక్క నెల ఆగుంటే అని నాకు అనిపిస్తానే ఉంటది.

1942 మే 30 రాత్రి. ఎయిర్ ఫోర్స్‌లో బాంబులు వేసే విభాగం, బాంబర్ కమాండ్, దాని చీఫ్ ఆర్థర్ హారిస్ ఒకే రాత్రి ఒకే ఊరి మీదికి వెయ్యి విమానాలు పంపాలని పట్టుబట్టాడు. అన్ని విమానాలు స్క్వాడ్రన్లలో లేవు, అందుకని ట్రైనింగ్ యూనిట్ల నించి నేర్చుకునేవాళ్ళని, నేర్పేవాళ్ళని, పాత విమానాల్ని అన్నిట్నీ పోగేశారు. మొత్తం 1,047 విమానాలు. ముందు జర్మనీలో హాంబర్గ్ అనుకున్నారు, వాతావరణం బాగోక కొలోన్‌కి మార్చారు. మబ్బు పట్టిందని ఒక ఊరు బతికిపోయి ఇంకో ఊరు కాలింది.

మాన్సర్‌కి ఆ రాత్రి ఇచ్చింది వేరే స్క్వాడ్రన్ నించి తెచ్చిన మాంచెస్టర్. లోపల ఏడుగురు. నిండా నిప్పు బాంబులు, 1,260. బరువుకి ఇంజిన్లు వేడెక్కిపోతున్నయ్, ఎంత లాగినా విమానం 7 వేల అడుగులు దాటి పైకి పోవట్లేదు. మిగతావి చాలా వరకు ఇంకా పైన ఎగురుతున్నయ్. వెనక్కి తిరిగితే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. వెళ్ళాడు. ఊరి మీద సెర్చ్‌లైట్లు పట్టేసుకున్నయ్, కింద నించి ఫిరంగి గుళ్ళు. అయినా బాంబులు వేసేదాకా విమానాన్ని పక్కకి తిప్పలేదు, అప్పుడే దెబ్బ తగిలింది. వెనక గన్నర్‌కి గాయం. లైట్ల నించి తప్పించుకోడానికి 700 అడుగుల దాకా కిందికి దూకించాడు. లింకన్ కెథెడ్రల్ శిఖరం 270 అడుగుల పైన ఉంటది, అట్లాంటివి మూడు ఒకదాని మీద ఒకటి పెడితే ఉండే ఎత్తు కూడా లేదు, చీకట్లో, అంత పెద్ద విమానం.

మళ్ళీ ఎట్లాగో 2 వేల అడుగులకి లేపాడు. అప్పుడు ఎడమ ఇంజిన్ అంటుకుంది. మంట రెక్క మీదికి పాకింది. దాన్ని ఆర్పడానికి చెయ్యాల్సింది చేశారు, మంట పోయింది గానీ ఇంజిన్ చచ్చిపోయింది. ఉన్న ఒక్క ఇంజిన్ మీద నెట్టుకొస్తున్నారు, బరువు తగ్గాలని లోపల ఊడేదల్లా పీకి బయటికి విసిరేశారు. అప్పుడే అందరూ దూకేసుంటే మాన్సర్ కూడా బతికేవాడేమో, ఖైదీగా. కానీ తన మనుషుల్ని, విమానాన్ని దగ్గర్లో ఉన్న మన వైపు బేస్‌కి చేర్చాలని చూశాడు. బెల్జియం మీదికి వచ్చేసరికి ఇంక విమానం మాట వినట్లేదు. దూకెయ్యమని ఆర్డర్ ఇచ్చాడు.

అందరికంటే చివర్లో రెండో పైలట్ సార్జెంట్ లెస్లీ బేవీస్టాక్ పారాచూట్ తీసుకొచ్చి మాన్సర్‌కి పెట్టబోయాడు. మాన్సర్ వద్దని తోసేశాడు. ఇంకొన్ని సెకన్లే నేను దీన్ని నిలపగలను, నువ్వు వెంటనే దూకు అన్నాడు. అంతే. బేవీస్టాక్ దూకేసరికి పారాచూట్ పూర్తిగా విచ్చుకునే ఎత్తు కూడా లేదు, నీళ్ళున్న కాలవలో పడి బతికాడు. అంటే ఆ కొన్ని సెకన్లు ఎంత సన్నగా ఉన్నాయో చూడండి. దిగేవాళ్ళ కళ్ళ ముందే విమానం మాన్సర్‌తో సహా నేలకి కొట్టుకుని కాలిపోయింది. బ్రే అనే ఊరికి దగ్గర్లో, చిత్తడి నేలల్లో. ఆయనకి 20 నిండి మూడు వారాలు కూడా కాలేదు.

ఆరుగురూ బతికారు. ఒకరు పట్టుబడ్డారు, మిగతా ఐదుగుర్ని బెల్జియం జనం దాచి, చేతులు మార్చి, కామెట్ లైన్ అనే రహస్య దారిలో ఫ్రాన్స్ దాటించి, పిరనీస్ కొండలెక్కించి స్పెయిన్ మీదుగా వెనక్కి పంపారు. ఆ లైన్ మొదలుపెట్టి నడిపిన మనిషి ఆండ్రే ద యాంగ్ అనే పాతికేళ్ల ఆడపిల్ల. 1943 జనవరిలో ఆమెని పట్టుకుని జర్మన్ క్యాంపుల్లో పెట్టారు, వాళ్ల నాన్నని 1944లో కాల్చేశారు. ఆమె బతికి బయటపడి ఆఫ్రికా వెళ్ళి కుష్టు రోగులకి నర్సుగా చాలా ఏళ్ళు పనిచేసింది. మా ఆవిడ నర్సు, ఈ సంగతి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. మన ఆడపిల్లలకి ఈమె గురించి కూడా చెప్పాలండీ, తప్పకుండా.

ఆ ఐదుగురు తిరిగొచ్చి జరిగింది చెప్పబట్టే లోకానికి తెలిసింది, 1942 అక్టోబర్లో మాన్సర్‌కి విక్టోరియా క్రాస్ ప్రకటించారు, యుద్ధంలో ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే అన్నిటికంటే పెద్ద మెడల్. బేవీస్టాక్ తర్వాత తనే విమానం కెప్టెన్ అయ్యాడు. మాన్సర్‌ని బెల్జియంలో హెవర్లే వార్ సిమెటరీలో పెట్టారు, విమానం పడ్డ చోటి దగ్గర 2004లో అక్కడి వాళ్ళు ఒక స్మారకం కట్టుకున్నారు, 62 ఏళ్ళ తర్వాత.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే నేను మీకు సగమే చెప్పినట్టు.

ఆ 1,260 నిప్పు బాంబులు కింద పడ్డయ్ గదా. ఆ రాత్రి కొలోన్‌లో 460 మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మామూలు జనం. 45 వేల మందికి తెల్లారేసరికి ఇల్లు లేదు. మా పాప ఇది విని "మరి మాన్సర్ మంచోడా కాదా" అని అడిగింది. నేను తడుముకున్నా. తన మనుషుల కోసం ప్రాణం ఇచ్చాడు, అది నిజం. ఆయన వేసిన బాంబుల కింద ఇళ్ళు కాలినయ్, అది కూడా నిజం. పిల్లలకి రెండూ చెప్పాలి. ఒకటే చెబితే అది సినిమా హీరో కథ అయిపోద్ది, రెండోదే చెబితే ఆ 20 ఏళ్ల పిల్లోడు పారాచూట్ తోసేసిన క్షణం కనపడకుండా పోద్ది.

బాంబు పడే వైపు ఉండటం అంటే ఏంటో మనకి తెలీనిది కూడా కాదు. కొలోన్‌కి రెండు నెలల ముందే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినయ్. ఊళ్ళు ఖాళీ చేసి మూటలు నెత్తిన పెట్టుకుని జనం పల్లెలకి పరిగెత్తారు. మీలో ఎంతమంది తాతమ్మలు "బాంబులప్పుడు" అని ఆ ఏడాదిని గుర్తుపెట్టుకున్నారో అడిగి చూడండి, మా అమ్మమ్మ వైపు వాళ్ళు అట్లానే చెప్పేవాళ్ళు. ఎవరెప్పుడు పుట్టారో బాంబులకి ముందా తర్వాతా అని లెక్క కట్టేవాళ్ళు.

ఇంక నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్న మాట. నేను తెనాలోణ్ణని ముందే చెప్పా. చిన్నప్పుడు రోజూ రణరంగ చౌక్ మీదుగా బడికెళ్ళేవాణ్ణి. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా అంటూ తెనాలి రైల్వే స్టేషన్ దగ్గర చేరిన జనం మీద పోలీసులు కాల్చారు, ఏడుగురు పోయారు. ఆ చౌక్ వాళ్ళ గుర్తే. మాన్సర్ చచ్చిపోయి రెండున్నర నెలలు. ఆయన ఏ సర్కారు యూనిఫాం వేసుకుని చనిపోయాడో అదే సర్కారు మా ఊళ్ళో తుపాకీ పేల్చింది. అక్టోబర్లో ఒకవైపు ఆయనకి పెద్ద మెడల్ ప్రకటిస్తుంటే ఇంకోవైపు మనవాళ్ళు జైళ్ళల్లో ఉన్నారు. కాబట్టి "వాళ్ల సామ్రాజ్యం కోసం చచ్చినోడి గురించి మనకెందుకు" అని ఎవరన్నా అంటే నాకు కోపం రాదు, నాకూ ఆ ప్రశ్న వచ్చింది. చాలా రోజులు ఆలోచించా. నాకు తోచింది ఇది. రణరంగ చౌక్ ఏడుగురి కోసం తలొంచుకున్న మనిషి బ్రే దగ్గర కాలిపోయిన కుర్రాడి కోసం తలొంచుకుంటే ఆ ఏడుగురికి ఏం తక్కువ కాదు. పైగా మన పిల్లలు ఇక్కడి క్లాసులో లేచి నిలబడి, మాన్సర్ గురించి నాకు తెలుసు, అదే ఏడాది మా నాన్న ఊళ్ళో ఏం జరిగిందో కూడా తెలుసు అని చెప్పగలిగితే ఆ క్లాసుకే మంచిది. పక్కన కూర్చున్న ఇంగ్లిష్ పిల్లలకి ఆ రెండో సంగతి చెప్పేవాళ్ళు ఎవరున్నారు, మనం తప్ప?

సంబంధం లేదు అన్నవాళ్ళ కోసం ఇంకొకటి. మాన్సర్ చెల్లో అక్కో నాకు సరిగా గుర్తు లేదు, ఆమె పేరు మేవిస్, ఆమె భర్త జాన్ రాండిల్. ఈయన పుట్టింది కాశీలో. 1944 మే 6న నాగాలాండ్ కొహిమాలో, జపాన్ వాళ్ళ మెషిన్ గన్ బంకర్ మీదికి దెబ్బలతోనే ఉరికి, లోపలికి గ్రెనేడ్ వేసి, ఆ కంతకి తన ఒళ్ళే అడ్డం పెట్టి చచ్చిపోయాడు. ఆయనకీ విక్టోరియా క్రాస్. సమాధి కొహిమాలోనే ఉంది. ఒక్క ఇంట్లో కొడుకు, అల్లుడు, ఢిల్లీలో పుట్టినోడు బెల్జియంలో, కాశీలో పుట్టినోడు కొహిమాలో, రెండేళ్ళ తేడాతో. మేవిస్ గురించి ఎవరూ ఏం రాయరు. నాకు మాత్రం ఆ రెండో టెలిగ్రాం అందుకున్న రోజు ఆ ఇల్లే కళ్ళ ముందు కనపడుద్ది. ఆ కొహిమా, బర్మా యుద్ధంలోనే మన మద్రాస్ రెజిమెంట్, మద్రాస్ సాపర్స్ (సైన్యంలో వంతెనలు, దారులు వేసే దళం) వాళ్ళల్లో తెలుగు కుర్రాళ్ళు ఎంతోమంది ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం అని ఊరికి పేరే అట్లా వచ్చింది.

హైదరాబాదు అన్నలు మా ఊసేది అంటారేమో, మీది కూడా ఉంది. ఏడో నిజాం ఇచ్చిన డబ్బుతో 1918లో విమానాలు కొని బ్రిటిష్ ఎయిర్ ఫోర్స్ 110 స్క్వాడ్రన్‌కి ఇస్తే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు పెట్టారు, గుర్తులో పులి ఉంటది. బ్రిటన్ రెండో యుద్ధంలోకి దిగిన మర్నాడు, 1939 సెప్టెంబర్ 4న, జర్మనీ యుద్ధ నౌకల మీదికి వెళ్ళిన మొట్టమొదటి బాంబర్లలో ఆ హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానాలున్నయ్. ఆ డబ్బు ఎవరి పొలాల మీద శిస్తుగా వచ్చిందో మనందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు అడగాలనుకున్నది. ప్రతి ఏడాది ఉగాదికి, బతుకమ్మకి, దీపావళికి మీరు పడే కష్టం నేను చూశా, హాలు బుక్ చెయ్యడం నించి చివరికి కుర్చీలు సర్దే దాకా. అదే చేత్తో ఇంకొక్క రోజు. మే 30, 31 తారీకులు ఎక్కువగా స్కూళ్ళకి హాఫ్ టర్మ్ సెలవుల్లోనో వాటి పక్కనో వస్తయ్. ఆ రోజుల్లో ఒక మినీబస్ వేసుకుని పిల్లల్ని లింకన్ తీసుకురండి. ఊరి పక్కన కొండ మీద ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ ఉంది, 2018లో తెరిచారు. మధ్యలో 31 మీటర్ల ఎత్తు ఉక్కు స్తంభం, లాంకాస్టర్ రెక్కల పొడుగు ఎంతో అంత ఎత్తు కట్టారు. చుట్టూ గోడల మీద దాదాపు 58 వేల పేర్లు చెక్కారు. బాంబులు వేసిన వాళ్ల మాటలే కాదు, బాంబులు పడ్డ వాళ్ల మాటలు కూడా అక్కడ పోగేసి పెట్టారు, అందుకే నాకు ఆ చోటంటే గౌరవం. పిల్లల చేత మాన్సర్ పేరు వెతికించండి. తర్వాత బిర్చ్‌వుడ్ వచ్చి ఆ స్కూలు బోర్డు, దగ్గర్లో ఉన్న 50, 61 స్క్వాడ్రన్ల స్మారకం చూపించండి. స్పీచులు వద్దు, స్టేజీ వద్దు, శాలువాలు వద్దు. ఎవరికన్నా తాతలు ఆ యుద్ధానికి వెళ్ళుంటే ఫోటో తీసుకురండి, పిల్లలకి అదొక్కటి చేతికిచ్చి చెప్పండి చాలు. నవంబర్లో పాపీ పెట్టుకునే టైముకి వాళ్ళే అడుగుతారు, వాళ్ళే చెప్తారు.

అప్పుడు గ్రూపులో అడిగిన ఆ అమ్మ కూడా ఇది చదువుతుంటే, మీరూ రండమ్మా, బాబుని తీసుకుని.

వచ్చేవాళ్ళు ముందే మీ సంఘం ద్వారా ఎంతమందో చెప్పండి. కొండ మీద గాలి ఎక్కువ, మే నెల్లో కూడా పిల్లలకి జాకెట్లు వేయండి. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, పులిహోర, పెరుగన్నం మేం చేస్తాం, కారం తక్కువ వేస్తాం. స్కూలు బోర్డు దగ్గర నిలబడి చెప్పే బాధ్యత మా పాప తీసుకుంది, ఇప్పటినించే ప్రాక్టీస్ చేస్తోంది, ఢిల్లీలో పుట్టాడు అనే దగ్గరనించి మొదలుపెట్టి.

ఇట్లు,
తెనాలి నించి వచ్చి లింకన్‌లో ఉంటున్న ఒక నాన్న